సిమోనే మార్తీని ‘మంగళవార్త’ చిత్రంలో నడుమ ఖాళీ గురించి

ఈ చిత్రం నడుమ ఖాళీ ఎందుకు వదిలారని, గబ్రియేలు చేతిలోని కొమ్మ ఏమిటని మీరడిగారు. యేసు పుట్టబోతున్నాడని దేవదూత గబ్రియేలు మరియకు చెప్పే ఘట్టమిది. 1333 నాటి ఈ సియెనా (ఇటలీ నగరం) చిత్రాన్ని మీరు వెలుగు నేరుగా ముందునుంచి పడేలా తీసిన ఫొటోలో చూసి ఉంటారు. అందుకే గబ్రియేలుకూ మరియకూ మధ్యనున్న బంగారు తలం మీకు వట్టి ఖాళీగా, కూర్పులో లోపంగా తోచింది. అక్కడ ఒక వాక్యం ఉంది.

1. దేవదూత నోటి దగ్గర చూపు నిలిపి, మరియ చెవి వైపు నెమ్మదిగా నడపండి. చాలామంది దాటిపోయే మెట్టు ఇదే. ‘ఆవే గ్రాట్సియా ప్లేనా దోమినుస్ తేకుమ్’ అన్న లాటిన్ అక్షరాలు వరుసగా కనిపిస్తాయి, తెలుగు బైబిలులో “దయాప్రాప్తురాలా నీకు శుభము, ప్రభువు నీకు తోడైయున్నాడు” అని మనం చదివే మాటలే అవి. సుద్దపూతతో ఉబ్బెత్తుగా మలచి బంగారు రేకు అద్దిన అక్షరాలు కనుక, పక్కనుంచి వెలుగు పడినప్పుడే తేటపడతాయి. అలాంటి ఫొటోనే, వీలైనంత పెద్దదిగా, వెతికి చూడండి.

2. తర్వాత మరియను చూడండి. చదువుతున్న పుస్తకంలో బొటనవేలు అలాగే ఉంచి, ముదురు నీలి వస్త్రాన్ని గొంతు దగ్గరకు లాక్కుంటూ ఆమె వెనక్కి ఒదుగుతున్నది ఆ మాటలు తాకినందుకే. లూకా సువార్తలో చెప్పిన మరియ కలవరాన్ని ఇంత సూటిగా చూపిన చిత్రం మరొకటి నేను చూడలేదు.

3. మీరడిగిన కొమ్మ ఆలివ్‌ది, శాంతికి గుర్తు. నడుమ కూజాలోని లిల్లీలు కన్యాత్వానికి.