అంత్యక్రియలకు కావలసింది పాలసీ కాదు, ఆ రోజు చేతికందే డబ్బు

ప్రశ్న: మాది దేవరకొండ. నా వయసు 41. నాన్నగారు పోయి 14 నెలలైంది. ఆయన ఖాతాలో 74,000 ఉన్నా ఆయన ఒక్కరి పేరే ఉండటంతో అప్పుడు తీయలేకపోయాం. అంత్యక్రియలకు, పదకొండో రోజు భోజనాలకు కలిపి 1,80,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఖాతాలోని డబ్బు నాలుగు నెలలకు వస్తే ఇంటి ఖర్చుల్లో కలిసిపోయింది. లైసెన్సు చట్టాల వల్ల అమెరికాలో అంత్యక్రియల ఖర్చు బాగా ఎక్కువని, అందుకే అక్కడ ముందుగానే పాలసీలు తీసుకుంటారని అక్కడుండే తమ్ముడు చెబుతున్నాడు. 63 ఏళ్ల అమ్మ పేరిట మేమూ అలా తీసుకోవాలా?

జవాబు: మీ తమ్ముడు చెప్పింది అక్కడికి నిజమే. అక్కడ చాలా రాష్ట్రాల్లో అంత్యక్రియల సంస్థ నడపడానికి లైసెన్సు కావాలి. కొన్నిచోట్ల మృతదేహాన్ని భద్రపరిచే ప్రత్యేక గదిని, వాడినా వాడకున్నా, కట్టి తీరాలి. ఆ భారమంతా చివరికి పడేది మృతుని కుటుంబం మీదే. లూసియానాలో చెక్క శవపేటికలు చేసే క్రైస్తవ సన్యాసులు, లైసెన్సు లేనివారు వాటిని అమ్మరాదన్న నిబంధన మీద కోర్టుకెక్కి 2013లో గెలవవలసి వచ్చింది. మన దగ్గర పాడె కట్టడానికీ కట్టెలు పేర్చడానికీ అలాంటి లైసెన్సు లేదు, అంత్యక్రియల సేవలపై జీఎస్టీ కూడా లేదు.

మీ ఖర్చును పెంచింది చట్టం కాదు, అప్పు. నెలకు 5,400 చొప్పున ఇప్పటికి 75,600 వడ్డీ అయింది, అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. మీ నాన్నగారి ఖాతాలో చిక్కుకుపోయిన సొమ్ముకన్నా ఆ వడ్డీయే ఎక్కువ! ఆ 74,000 రాగానే అసలుకు ఎందుకు జమ చేయలేదు? ఏడాదికి 36 శాతం వడ్డీ పెరుగుతుంటే ఏ ఇంటి ఖర్చైనా దాని తరువాతే. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ముందు ఈ బాకీ తీర్చండి.

అమ్మగారికి పాలసీ అవసరం లేదు. బీమా సొమ్ము మరణ ధ్రువపత్రం, క్లెయిము దాటుకుని వచ్చేసరికి పెద్దకర్మ కూడా అయిపోతుంది, కానీ ఫ్రీజరు పెట్టెకూ బండికీ టెంటుకూ డబ్బు ఆ పూటే ఇవ్వాలి. అందువల్ల బాకీ తీరిన నెల నుంచి ఆ 5,400ను వేరే ఖాతాలో వేస్తూ, కనీసం లక్ష అయ్యేవరకు పండుగకైనా పెళ్లికైనా ముట్టకండి. బీమా కావలసింది సంపాదించే మీకు: ఏడాదికి 436 రూపాయలతో 2 లక్షల ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా 50 ఏళ్లలోపు వారికే ఇస్తారు కనుక ఆలస్యం చేయకండి.

అమ్మగారి ఖాతా కూడా ఆమె ఒక్కరి పేరే ఉందేమో చూడండి. ఉంటే ఆమెను వెంటబెట్టుకుని ఈ వారమే బ్యాంకుకు వెళ్లి, మీ పేరు చేర్పించి, ‘ఇద్దరిలో ఎవరైనా, లేదా జీవించి ఉన్నవారు’ తీసుకునేలా మార్పించండి.