కేసుల భయంతో ఉత్సవం ఆపేయాలా?

ఇన్నేళ్లుగా జరుగుతున్న ఉత్సవాన్ని, ఎవరికైనా దెబ్బ తగిలితే కేసు మన మీదకొస్తుందన్న భయంతో ఈసారి మానేద్దామని మీ కమిటీ అంటోందని రాశారు. దయచేసి మానేయకండి. ఒకసారి ఆగిపోయినదాన్ని మళ్లీ మొదలుపెట్టడం చాలా కష్టం.

ముందు ఒకటి చూడండి, మీ కమిటీ రిజిస్టర్ అయ్యిందా? కాకపోతే చాలా దేశాల చట్టాల్లో దానికి విడిగా ఉనికి ఉండదు, నష్టపరిహారం కోసం నేరుగా సభ్యుల మీదే దావా వేయొచ్చు. కాబట్టి మీవాళ్ల టెన్షన్‌లో అర్థం ఉంది. రిజిస్టర్ చేయించి, కమిటీ పేరు మీదే పబ్లిక్ లయబిలిటీ పాలసీ (వచ్చినవాళ్లకి దెబ్బ తగిలి మన మీద దావా వేస్తే నష్టపరిహారం భరించే బీమా) తీసుకోండి. తీసుకునే ముందు మినహాయింపుల పేజీ, అంటే బీమా వర్తించనివాటి జాబితా, తప్పకుండా చదవండి, బాణసంచా, గాలితో ఉబ్బే ఆటవస్తువుల లాంటివి తరచూ అక్కడే ఉంటాయి. బాణసంచాకి బీమా దొరక్కపోతే ఈసారికి దాన్నొక్కదాన్నే తీసేయండి. స్టాళ్లు, రంగులరాట్నాలు పెట్టేవాళ్ల దగ్గర వాళ్ల సొంత పాలసీ కాపీ తీసుకోండి, గడువు తేదీ కూడా చూసుకోండి.

దెబ్బ తగిలితే బాధ్యత మాది కాదని వచ్చినవాళ్లతో సంతకం పెట్టించుకునే కాగితాల మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. మన నిర్లక్ష్యం వల్లే దెబ్బ తగిలితే చాలా చోట్ల అవి కోర్టులో నిలబడవు, పిల్లల విషయంలో మరీను.

ముందురోజు ఇద్దరు కలిసి మైదానమంతా నడవండి. నడిచే దారికి అడ్డంగా పడున్న కరెంటు వైరు, కదులుతున్న స్టేజి మెట్టు, చీకట్లో కనబడని డేరా తాడు, ఏది కనిపించినా ఫోటో తీసి, సరిచేశాక మళ్లీ తీసి, తేదీతో ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే మీరు జాగ్రత్త తీసుకున్నారని చూపించడానికి ఆ పుస్తకమే పనికొస్తుంది.