గోదాము ఆలస్యం: రోజుల లెక్క ఎలా కట్టాలి?

ప్రశ్న: మాది నల్లగొండ. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లుకు గోదాము కట్టాను. గడువు 10 నెలలు, పూర్తయ్యేసరికి 15 నెలలు పట్టింది. పాత షెడ్డు ఖాళీ చేసి జాగా అప్పగించడంలో ఓనరు 40 రోజులు ఆలస్యం చేశాడు. ట్రస్సుల (పైకప్పును మోసే చట్రాల) డ్రాయింగు మార్చి, 60 రోజులు లేటుగా ఇచ్చాడు. నాట్ల టైములో నా కూలీలు కూడా నెల రోజులు ఊరికి పోయారు. ఫైనల్ బిల్లులో 6 లక్షలు పెనాల్టీ పట్టుకున్నారు. ‘ప్లాన్‌కూ జరిగినదానికీ తేడా 5 నెలలు’ అంటాడు వాళ్ల ఇంజినీరు. ‘ప్లాన్‌లో ఆ 100 రోజులు కలిపితే చాలు’ అంటాడు మా ఇంజినీరు. ఏది నిలుస్తుంది?

జవాబు: ఇద్దరిదీ సగం లెక్కే. ఓనరు పద్ధతిలో తేడా ఎంతో తెలుస్తుంది, ఎవరి వల్లో తెలియదు. మీ పద్ధతి కాగితం మీది ప్లాన్‌ను నిజమనుకుని, అందులో ఎదుటివాళ్ల ఆలస్యాలనే పెడుతుంది. మీ కూలీలు పోయిన నెల దానిలో ఎక్కడా కనిపించదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

బ్రిటన్‌లోని సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా 2017లో సవరించిన ప్రోటోకాల్‌లో (ఆలస్యాలు లెక్కకట్టే మార్గదర్శకంలో) ఇలాంటివి ఆరు పద్ధతులున్నాయి. మన దగ్గర అది చట్టం కాదు, అయినా వాదనలో పనికొస్తుంది. మీ కేసుకు నేను విండోస్ పద్ధతే ఎంచుకుంటాను. 15 నెలలను ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో మొత్తం పనిని ఆపింది ఏదో చూస్తారు. డ్రాయింగు రాని ఆ 60 రోజుల్లో పిల్లర్లు లేచాయా? కూలీలు లేక అవీ ఆగి ఉంటే, ఆ 30 రోజుల ఆలస్యం ఇద్దరిదీ. ఆ ప్రోటోకాల్ ప్రకారం అలాంటి రోజులకు గడువు పెంపు దొరుకుతుంది, అదనపు ఖర్చు మామూలుగా దొరకదు.

ఇంకో మాట. ఆలస్యం సుమారు 150 రోజులు. మీ 30 రోజులు ఆ 60లోనే కలిసిపోతే, 50 రోజులకు మీరు కారణమే రాయలేదు. వానా? సిమెంటా? ఇప్పుడే తేల్చుకోండి.

పెనాల్టీ విషయానికొస్తే, 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. నష్టమే జరగకపోతే పరిహారం లేదని సుప్రీంకోర్టు 2015లో కైలాష్‌నాథ్ కేసులో చెప్పింది. గడువే ప్రధానమన్న ఒప్పందమైతే 55వ సెక్షన్ కూడా చూడాలి: లేటు పనిని ఒప్పుకునేటప్పుడే పరిహారం అడుగుతానని ఓనరు నోటీసు ఇచ్చాడా? వాట్సాప్ వెతకండి.

బిల్లు బాకీకి దావా గడువు మామూలుగా పని పూర్తయిన నాటి నుంచి 3 ఏళ్లు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు మధ్యవర్తి తీర్పు) ఉంటే ఆ 3 ఏళ్లలోపే ఆర్బిట్రేషన్ చట్టం 21వ సెక్షన్ నోటీసు, అంటే గొడవను మధ్యవర్తికి పంపాలని కోరే నోటీసు, ఓనరుకు అందాలి.

వచ్చేటప్పుడు మీ సూపర్‌వైజరు రోజువారీ పుస్తకం తెండి. ‘ఇయ్యాల డ్రాయింగు రాలే, ఇద్దరు మేస్త్రీలు ఖాళీ’ అన్న ఒక్క పెన్సిల్ రాత ఏ రంగుల చార్టు కన్నా నాకు బలం. నా దగ్గరి ఒక కేసులో కాంట్రాక్టరు పాత రాతలన్నీ నీటుగా కొత్త రిజిస్టర్‌లోకి ఎక్కించి, పాతది పారేశాడు. ఏడాది రాతంతా ఒకే పెన్నుతో ఉందని ఆర్బిట్రేటర్ పక్కన పెట్టేశారు. మీ పుస్తకానికి సిమెంటు మరకలున్నా అలాగే తెండి.