మూడోసారి రంగు వేయించకండి, ముందు తడి ఎక్కడిదో చూడండి
రెండుసార్లు పెయింట్ వేయించినా బాత్రూమ్ పక్క గోడ పొక్కుతోందన్నారు కదా. పొక్కిన రంగు గీకేసి, అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు గట్టిగా అంటించండి. 48 గంటలయ్యాక తీస్తే, గోడవైపు చెమ్మ ఉంటే తడి లోపలిదే. గదివైపు ఉంటే గాలిలోని తేమ, కిటికీలు తెరిస్తే చాలావరకు తగ్గుతుంది.

నా అనుమానం మాత్రం పైపు మీదే. కుళాయిలన్నీ కట్టేసి రెండు గంటల తర్వాత నీళ్ల మీటర్ చూడండి. అంకె కదిలితే ఎక్కడో లీకవుతున్నట్టే. కదలకపోయినా డ్రెయిన్ పైపు, టైల్స్ సందులు చూడాల్సిందే, వాటి లీకు మీటర్‌కి తెలియదు.

గోడమీది తెల్లటి ఉప్పును కడగకండి (నేను కడిగి దెబ్బతిన్నాను), కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో దులపండి. లీకు ఆగాక కూడా గోడ ఆరడానికి వారాలు పట్టొచ్చు. ఫాయిల్ పొడిగా వచ్చాకే పెయింటర్‌ని పిలవండి.