కొండపల్లి బొమ్మల పాత రంగు ఊడదీసి కొత్త రంగు వేయించవచ్చా?

అమ్మమ్మ ఇచ్చిన కొండపల్లి దశావతారాల రంగు మాసి అక్కడక్కడ పెచ్చులు లేచిందనీ, సంక్రాంతి బొమ్మల కొలువు నాటికి పాత రంగంతా తీసేసి కొత్తగా వేయించాలని ఉందనీ, అందుకు థిన్నర్ మంచిదా, కాస్టిక్ సోడా మంచిదా అనీ మీరు అడిగారు. రెండూ వద్దు. అసలు ఆ బొమ్మల రంగు తీయించే ఆలోచనే మానుకోండి. ఆ పని చేస్తే ఏమవుతుందో మా మేనమామ ఇంట్లో దగ్గరుండి చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మామయ్య తెనాలిలో కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు, పాత ఇంటి తలుపులకు రంగు తీసి మళ్ళీ వేస్తున్న పెయింటర్‌కే మా అమ్మమ్మ బొమ్మల పెట్టె కూడా అప్పగించారు. ఆయన తన పనిలో మంచి నేర్పరి. తలుపుల రంగు ఎలా ఊడదీస్తారో అలాగే బకెట్ నీళ్లలో కాస్టిక్ సోడా కలిపి బొమ్మలన్నిటినీ అందులో వేశారు. కాసేపటికి నీళ్లు తెల్లబడ్డాయి. ఆ తర్వాత ఒక్కొక్క బొమ్మనూ పైకి తీస్తుంటే, బలరాముడి నాగలి పట్టిన చెయ్యి బకెట్‌లోనే ఉండిపోయింది, వరాహమూర్తికి ముట్టె లేదు, రాముడికి ముక్కు లేదు. అంబారీ ఏనుగు మీది మావటివాడి తలపాగా మడతలు కరిగిపోయి తల నున్నటి కర్రముక్కగా మిగిలింది. బకెట్ అడుగున పేరుకున్న గోధుమరంగు ముద్దను కర్రతో తీసి చూస్తే, జిగురు సాగుతున్న రంపపుపొట్టు కనిపించింది.

ఆ ముద్ద ఏమిటో తెలిస్తే మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. కొండపల్లి బొమ్మను ఒకే దుంగలో చెక్కరు. తెల్లపొణికి చాలా తేలికైన, మెత్తని కర్ర కావడంతో మొండెం, తల, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడిలో రంపపుపొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. ముక్కు, నగలు, బట్టల మడతలు వంటి సన్నని పనిని కూడా ఆ మక్కుతోనే తీర్చిదిద్దుతారు. దాని మీద సున్నం పూత వేసి, అది ఆరాక మేక వెంట్రుకల కుంచెతో రంగులు దిద్దుతారు. నీళ్లలో నానితే సున్నమూ మక్కూ రెండూ వదిలేస్తాయి. అంటే రంగు అనుకుని మీరు ఊడదీసేదాంట్లో బొమ్మ ముఖమే ఉంటుంది.

తర్వాత ఆ పెయింటర్ ఊడిన చేతులను అతికించి, ముఖాలకు ఎనామిల్ గులాబీ రంగు వేసి, కళ్లకు రెండు నల్లచుక్కలు పెట్టి ఇచ్చారు. గొడుగు విరిగిందని ముందే పక్కన పెట్టేయడంతో వామనుడు ఒక్కడు మాత్రం ఆ బకెట్‌లో పడలేదు. అతని ముఖం చూస్తే పోయినదేమిటో అర్థమవుతుంది. కనుబొమను ఎక్కడా ఆపకుండా ఒకే ఊపులో గీశారు. దాని కింద తెల్లని కన్ను, కంటికొసన పిసరంత ఎరుపు, చెవి దాకా సాగి సన్నబడే నల్లగీత ఉన్నాయి. ఆ గీత గీసిన చెయ్యి ఇప్పుడు లేదు, అలాంటి గీత మరొకరు గీసినా అది వారి గీతే అవుతుంది. మామయ్య ఇంటికి వచ్చినవాళ్లు మాత్రం బొమ్మలు కొత్తవాటిలా మెరుస్తున్నాయని మెచ్చుకున్నారు. మెరిస్తేనే బాగున్నట్టు అనుకునే ఈ అలవాటు నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఇత్తడి దీపపు కుందులను నగిషీ అరిగేదాకా తోమించడం, నల్లరాతి విగ్రహాలకు ఆయిల్ పెయింట్ పూయించడం కూడా ఇదే అలవాటు.

కాస్టిక్ సోడా వద్దన్నాను కదా అని గరుకు కాగితంతో పొడిగా రుద్దాలని కూడా చూడకండి. పూర్వం ఆకుపసర్ల రంగులు, నీటి రంగులు వాడిన కొండపల్లి బొమ్మల పనివాళ్లే తర్వాతి కాలంలో ఎనామిల్ రంగులకు మారారు. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించకూడదన్న నిబంధన 2016లో వెలువడి 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు నాటి ఎనామిల్‌లో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో, సీసం చాలా ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. రుద్దినప్పుడు లేచే ఆ ధూళిని మీరూ మీ పిల్లలూ పీలుస్తారు. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోకుండా బొమ్మలను ఎత్తులో ఉంచడం కూడా ఇందుకే అవసరం.

మీరు చేయదగినది వేరే ఉంది. మెత్తని పొడి కుంచెతో పైనుంచి కిందికి దుమ్ము దులపండి, పెచ్చు లేచినచోట మాత్రం కుంచె ఆనించకండి. జిడ్డు పేరుకుని ఉంటే, దూదిని తడిపి బాగా పిండేసి, ముందుగా పీఠం అడుగున ఒక మూల అద్ది చూడండి. దూదికి రంగు అంటితే అది నీటి రంగు, ఇక తడి తగలనివ్వకండి. అంటకపోతే పైపైన అద్దుతూ తుడవవచ్చు. ఊడిన చేతికి సూపర్ గ్లూ పెట్టకండి, అది మళ్ళీ వదలదు. చింతగింజల జిగురైతే రేపు ఇంకెవరైనా బాగుచేయవలసి వచ్చినప్పుడు కొద్దిపాటి తడితో వదులవుతుంది. కర్రలో సన్నని చిల్లులు, కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగు పట్టినట్టు. ఆ బొమ్మను మిగతావాటికి దూరంగా పెట్టండి. రంగు పోవడం కన్నా అదే పెద్ద ప్రమాదం.

రంగు వెలిసిన దేవుడి బొమ్మ ఇంట్లో ఉండకూడదని పెద్దవాళ్లు అంటారని మీరు రాశారు. అది పూజామందిరంలోని విగ్రహాల సంగతి. కొలువులో దశావతారాల పక్కనే కల్లుగీసే మనిషి, ఎడ్లబండి, పెళ్లి పల్లకీ కూడా కూర్చుంటాయి, వాటిలో దేనికీ ప్రాణప్రతిష్ఠ చేయలేదు. కొలువుకు కొత్త మెరుపు కావాలంటే కొండపల్లిలో కొత్త దశావతారాల సెట్ కొని పాతవాటి పైమెట్టు మీద పెట్టండి. బొమ్మల పని మీదే బతుకుతున్న కుటుంబాలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి, పాతదానికి రంగు వేయించే కూలి కన్నా కొత్త బొమ్మ కొనడమే వారికి మేలు.

మీ దగ్గర ఉన్నవి ఏటికొప్పాక బొమ్మలైతే వాటి లెక్క వేరు. అంకుడు కర్రను చక్రం మీద తిప్పుతూ లక్కను ఒరిపిడి వేడికే అంటిస్తారు కాబట్టి, వాటి మీద కుంచెతో రంగు వేయించాలని చూడకండి, స్పిరిట్‌తో తుడవకండి. స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది.

కొండపల్లి బొమ్మకు చెయ్యో కాలో పూర్తిగా పోయి ఉంటే, విజయవాడకు దగ్గరే కాబట్టి ఒకసారి కొండపల్లి బొమ్మల కాలనీకి తీసుకెళ్ళి చూపించండి. ఇచ్చేముందు అన్ని వైపులా ఫోటోలు తీసుకోండి. పాత రంగు ముట్టుకోవద్దనీ, విరిగినచోట మాత్రమే మక్కు పెట్టి ఆ అతుకు మేరకే రంగు దిద్దాలనీ ముందే స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే, మీరు సంతోషిస్తారనుకుని బొమ్మంతటికీ కొత్త పూత వేసి ఇస్తారు.