మైక్రోవేవ్ ఓవెన్ తిరుగుతోంది, కానీ వేడెక్కడం లేదు. ఇంట్లోనే బాగుచేయవచ్చా?

ముందు పవర్ స్థాయి తగ్గించి ఉందేమో చూడండి. తరవాత కప్పు నీళ్ళు పెట్టి రెండు నిమిషాలు నడపండి. లైటు వెలిగి, పళ్ళెం తిరిగినా నీళ్ళు చల్లగానే ఉంటే లోపం మాగ్నెట్రాన్ (వేడిచేసే తరంగాలను పుట్టించే భాగం), డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం), కెపాసిటర్ (విద్యుత్తును నిల్వచేసే భాగం), తలుపు స్విచ్‌లలో ఒకదానిలో ఉండవచ్చు.

లోపల నిప్పురవ్వలు వస్తుంటే మాత్రం చాలావరకు లోపలి పక్కగోడకున్న మైకా రేకు (తరంగాలు వచ్చే దారిని కప్పే పలుచని రేకు) మాడిందని అర్థం. కూర తుంపరలు, నూనె అంటుకుని అది నల్లబడుతుంది. ప్లగ్ తీసి, కొత్త రేకును అదే కొలతకు కత్తిరించి అమర్చుకోవచ్చు. ఇది నిజంగా ఇంటి పనే.

బయటి డబ్బా మాత్రం దయచేసి విప్పకండి. ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. టీవీలూ మిక్సీలూ బాగుచేసిన అనుభవం ఇక్కడ చాలదు. మైక్రోవేవ్ పని తెలిసిన మెకానిక్‌నే పిలవండి.