సాంబ మసూరిలో ఎండాకు తెగులు – మూడు జన్యువుల విత్తనం సంగతి

ప్రశ్న: నాలుగెకరాల్లో బీపీటీ 5204 (సాంబ మసూరి) వేశాం. నాటి నెలన్నర అయింది. మొన్నటి గాలివాన తర్వాత ఆకులు కొస నుంచి అంచుల వెంబడి పసుపుపచ్చగా మారి ఎండిపోతున్నాయి. షాపులో ఇచ్చిన మందులు రెండుసార్లు కొట్టినా ఆగలేదు. ఈ తెగులును తట్టుకునే జన్యువులున్న సాంబ మసూరి ఉందని మా అబ్బాయి అంటున్నాడు. అది జీఎం (జన్యుమార్పిడి) వరా? బియ్యం మారిపోతే మిల్లులో కొంటారా? – ఒక రైతు, మిర్యాలగూడ ప్రాంతం

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చే ఎండాకు తెగులే అనిపిస్తోంది. అయినా మీ చేత్తో మీరే తేల్చుకోండి. పొద్దున్నే చేలోకి వెళ్లి, పచ్చభాగం, ఎండిన భాగం కలిసేచోట ఆకును కత్తెరతో కోయండి. కోసిన కొసను గాజుగ్లాసులో తేటనీళ్లలో ముంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. కాసేపట్లో అగరొత్తి పొగ తలకిందులుగా దిగుతున్నట్టు తెల్లటి తీగ కారితే అది బ్యాక్టీరియానే. పొటాష్ లోపంతో ఎండిన ఆకు నుంచి అలా రాదు. ఎండెక్కక ముందు చూస్తే ఆకు మీద లేత పసుపు జిగురు బొట్లు కూడా కనిపిస్తాయి. గాలివానకు ఆకులు ఒకదానికొకటి రాసుకుని చిరిగినప్పుడు ఆ జిగురు పక్క మొక్కల గాయాల్లోకి చేరుతుంది.

మందులు ఎందుకు పనిచేయలేదంటే, ఈ బ్యాక్టీరియా ఉండేది ఆకు పైన కాదు, లోపల నీళ్లు మోసే ఈనెల్లో. పైన పడ్డ మందు అక్కడికి సరిగా చేరదు. మూడోసారి కొట్టి డబ్బు పోగొట్టుకోకండి. యాంటీబయాటిక్ పొడులు అసలే వద్దు. వాటిలో ఉండే స్ట్రెప్టోమైసిన్ మనుషుల్లో క్షయకు కూడా వాడే మందు. దాన్ని చేలలో చల్లుకుంటూ పోతే, దానికి లొంగని సూక్ష్మజీవులను మనమే పెంచినవాళ్లమవుతాం.

ఇప్పుడు చేయాల్సింది: వేయాల్సిన యూరియా ఉంటే వెంటనే ఆపండి. ఈ తెగులుకు నత్రజని ఎరువే పెద్ద బలం. పొటాష్ మాత్రం ఆపొద్దు. నిలవనీరు తీసేసి చేను కాస్త ఆరనివ్వండి. ఆ నీళ్లు పక్క మడిలోకి వదలకండి. ఆకులు తడిగా ఉన్నప్పుడు చేలో తిరగకండి. వచ్చే ఏడాది నాటేటప్పుడు నారు కొసలు తుంచే అలవాటు మానేయండి, ఆ కోతలే బ్యాక్టీరియాకు తలుపులు.

ఇక మీ అబ్బాయి చెప్పింది నిజమే. ఆ రకం ఇంప్రూవ్డ్ సాంబ మసూరి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి తయారుచేస్తే 2008లో విడుదలైంది. దీని వెనకున్న పరిశోధన మీకు కొంచెం వివరంగా చెప్పాలనుంది, ఎందుకంటే జీఎం అన్న అనుమానం దానితోనే తీరుతుంది.

వరి జన్యుక్రమం పూర్తి వివరాలు 2005లో ప్రచురించారు. అందులో 11వ క్రోమోజోములో ఒక భాగాన్ని మన దేశ శాస్త్రవేత్తలు చదివారు. అయితే డీఎన్‌ఏలోని అక్షరాలు చదివినంత మాత్రాన ఏ జన్యువు ఏ పని చేస్తుందో తెలియదు. ఒక జన్యువును పనిచేయకుండా ఆపి, మొక్కలో ఏం తేడా వచ్చిందో చూడాలి. ఫంక్షనల్ జీనోమిక్స్ అనేది ఈ పనే. అలా వెతికితే ఎండాకు తెగులు గుట్టు బయటపడింది. బ్యాక్టీరియా సూదిలాంటి గొట్టంతో తన ప్రొటీన్‌ను వరి కణంలోకి ఎక్కిస్తుంది. ఆ ప్రొటీన్ వెళ్లి స్వీట్11 అనే వరి జన్యువు స్విచ్ వేస్తుంది. దాంతో కణంలోని చక్కెర బయటికి కారుతుంది, బ్యాక్టీరియా దాన్ని తిని పెరుగుతుంది. దొంగ మన కరెంటుతో మన మోటారే వేసి మన బావి నీళ్లు తన చేనుకు తోడుకున్నట్టు!

ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలోని మూడు జన్యువుల్లో ఒకటి ఎక్స్‌ఏ13. అది ఉన్న వరిలో ఆ స్విచ్ దగ్గర అక్షరాలు వేరుగా ఉంటాయి, దొంగ చెయ్యి పట్టదు. మరి స్వీట్11 జన్యువునే తీసేయొచ్చు కదా అంటారేమో. అది పుప్పొడి తయారీకి కావాలి, పూర్తిగా ఆపితే గింజ సరిగా పట్టదు. నాకైతే ఈ పరిశోధనలో అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఇదే. మోటారు చెడకుండా దొంగకు మాత్రం స్విచ్ అందని మార్పు వరిలోనే ఉంది. ఎక్స్‌ఏ5 కూడా ఇలాంటిదే, జన్యువులను నడిపించే యంత్రంలో చిన్న తేడా వల్ల బ్యాక్టీరియా ప్రొటీన్‌కు పట్టు దొరకదు. మూడోది ఎక్స్‌ఏ21, ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. ఇది కణం గుమ్మంలో కాపలాదారు, బ్యాక్టీరియా వదిలే ఒక చిన్న ప్రొటీన్ ముక్కను గుర్తుపట్టి మొక్కను హెచ్చరిస్తుంది. ఒక్క ఎక్స్‌ఏ21నే నమ్ముకుంటే దాన్ని దాటే బ్యాక్టీరియా రకాలు మన దేశంలోనూ ఉన్నాయి. అందుకే మూడూ కలిపారు.

ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13 తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పనిచేస్తాయి. ఒకవైపు నుంచే వస్తే మొక్కను చూసి కనిపెట్టలేం. కాబట్టి చిన్న ఆకు ముక్కలో డీఎన్‌ఏ పరీక్ష చేసి, జన్యువులున్న మొక్కలనే ఏరి, మళ్లీ మళ్లీ సాంబ మసూరితో మామూలుగానే సంకరం చేశారు. ప్రయోగశాలలో జన్యువు చొప్పించలేదు, ఇది జీఎం కాదు. 2025లో ప్రకటించిన జీనోమ్ ఎడిటింగ్ (మొక్క సొంత జన్యువులోనే అక్షరాలు దిద్దే పద్ధతి) వరి ‘కమల’ కూడా సాంబ మసూరి నుంచే వచ్చింది గానీ అది వేరే సంగతి. రెండూ ఒకటని ఎవరైనా చెబితే నమ్మకండి.

గింజ సన్నదనం, అన్నం తీరు సాంబ మసూరివే. అయినా వేసేముందు మీ మిల్లరుతో మాట్లాడుకోండి, అమ్ముకునే టెన్షన్ ఉండదు. ఇది హైబ్రిడ్ కాదు, కల్తీ లేకుండా చూసుకుంటే మీ విత్తనం మీరే దాచుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: ఈ మూడు జన్యువులు ఎండాకు తెగులునే ఆపుతాయి. అగ్గి తెగులుకు, సుడిదోమకు మామూలు బీపీటీని చూసుకున్నట్టే చూసుకోవాలి.

రాజేంద్రనగర్ సంస్థలో గానీ, దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ అడిగి నమ్మకమైన విత్తనం తెచ్చుకుని వచ్చే వానాకాలంలో మొదట ఒక ఎకరంలోనే వేయండి. పక్కనే మీ పాత బీపీటీ ఉండనివ్వండి. గాలివాన పడిన రెండు వారాలకు గాజుగ్లాసు పట్టుకుని రెండు మడుల్లోనూ దిగి చూడండి. ఏం కనిపించిందో నాకు రాయండి.